అంబులెన్సు ఇప్పించిన పెద్దాయన

మద్దిలపాలెంలో పెందుర్తి బస్సెక్కాను. నా సంచి మీద మా కేన్సర్ సేవాసంఘం పేరు చూసి, పక్కసీట్లో పెద్దాయన పలకరించాడు.

"మీ ప్రెసిడెంటు మావోడే బాబూ. మా సిగరెట్ల సరుకు ఆయన లారీల్లోనే ఎల్తాది. మీ సంఘానికి అంబులెన్సు ఇప్పించింది మేమే."

నాకా సంగతి తెలీదు. "బదులుగా మీకేం కావాలి?" అని అడిగాను.

"ఏటీ వద్దు. రేపు బడిలో మాటాడతావు కదా, మంచి తిండి గురించి సెప్పు, ఆటల గురించి సెప్పు. పిల్లలకి సిగరెట్ మాటెందుకు?"

రేపటి బడి సంగతి మా సంఘంలో ప్రెసిడెంటుకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. పెద్దాయన నా భుజం మెల్లగా తట్టి, గోపాలపట్నంలో దిగిపోయాడు.

మర్నాడు బడిలో నేను సిగరెట్ గురించే చెప్పాను. మా నాన్న గొంతు ఎలా పోయిందో చెప్పాను. పిల్లలు కదలకుండా విన్నారు.

సంఘం నన్ను మరే బడికీ పంపలేదు.