వెనకెవరున్నారని ఈ దీపం

ఇటుకముక్క చేయగల పనికి మనిషిని వెతుక్కున్నవాణ్ణి నేను. బ్రేకు తొక్కితే స్కూటరు వెనక ఎర్రదీపం వెలుగుతోందో లేదో తెలియాలంటే, పెడలు మీద ఓ ఇటుక పెట్టి వెనక్కి నడిచి చూసుకుంటే చాలు. ఆ తెలివి నాకు స్కూటరు అమ్మేశాక వచ్చింది.

డెబ్బైల చివర్లో సంగతి. జంషెడ్‌పూర్‌లో గుమాస్తా ఉద్యోగం, బిర్సానగర్‌లో ఒంటిగది, ఓ పాత స్కూటరు. దాని వెనక సీటు ఎక్కినవాటిలో చెప్పుకోదగ్గది బియ్యం బస్తా. రాత్రిళ్ళు వెనక ఎర్రగా ఏదో వెలుగుతూనే ఉండేది కాబట్టి బ్రేకు దీపం కూడా అదేననుకున్నాను. రెండూ వేరని బిష్టుపూర్ చౌరస్తాలో ట్రాఫిక్ హవల్దారు చెప్పాడు. అదీ పట్టపగలు, పదిమందిలో.

మలుపు దగ్గర నేను చేయి శాస్త్రోక్తంగానే చాపాను. నా బండికి పక్కదీపాలు లేవు. ఆ రోజుల్లో చేయి చూపిస్తే చట్టానికి సరిపోయేది. ఆగేటప్పుడు మాత్రం వెనక దీపం వెలగాల్సిందే.

"బత్తీ కహాఁ హై?" అన్నాడు హవల్దారు, దీపమేదీ అని. నువ్వు ఆగుతున్నావని వెనకొచ్చేవాడికి ఎలా తెలుస్తుందని నిలదీశాడు.

వెనకా ముందూ లేనివాణ్ణి, నా వెనక ఎవరొస్తారు సాబ్ అందామనుకున్నాను. ఆ మాటకు హిందీ దొరికేలోపు ఆయన నా లైసెన్సు జేబులో వేసుకుని, దీపం వెలిగించి చూపిస్తేనే ఇస్తానన్నాడు.

కొత్త బల్బు కొని బిగించాను. ఇంజను తిరుగుతుంటేనే దీపాలు వెలిగే బండి అది. ఎక్కి స్టార్టు చేసి, కుడికాలితో బ్రేకు తొక్కి, మెడ వీలైనంత వెనక్కి తిప్పాను. మెడ పట్టేసింది గాని దీపం కనబడలేదు.

పక్కగదిలో మా శ్రీకాకుళం నుంచే వచ్చిన పెద్దాయన ఉండేవాడు, కాంట్రాక్టు మేస్త్రీ. మేమిద్దరం గోడ పంచుకున్నాం గాని మాటలు పంచుకున్నది తక్కువ. అప్పుడాయన అరుగు మీద టీ తాగుతున్నాడు.

"బాబాయ్, కొంచెం ఎనక్కొచ్చి సూడండి, ఎలుగుతందా?"

"ఆఁ, ఎలుగుతంది నాయినా," అన్నాడు, గ్లాసులోంచి తల ఎత్తకుండానే.

మర్నాడు చౌరస్తాలో అది వెలగలేదు. హవల్దారు రిక్షావాళ్ళను కూడా పిలిచి చూపించాడు. వెలగని దీపాన్ని చూడటానికి జనం పోగయ్యారు. ఆ ఊళ్ళో నా వెనక అంతమంది నిలబడటం అదే మొదలు.

సాయంత్రం ఇంటికొచ్చి బాబాయిని అడిగాను.

"సూడకుండానే ఎలుగుతందని సెప్పేసేరేటి?"

"కొత్త బల్బు గదా, ఎలక్కేటి సేత్తాది అనుకున్నాన్రా. అయినా పెల్లాన్ని తెచ్చుకోరా అంటే బల్బులు తెచ్చుకుంటన్నావు. ఇలాటియి అదైతే సూసి సెప్పును."

"అది వచ్చేలోగా మీరే సూడాల మరి."

విప్పి చూస్తే లోపల తీగ ఒకటి జారిపోయి ఉంది. బిగించాను. ఈసారి ఆయన గొణుక్కుంటూ లేచి బండి వెనక నిలబడ్డాడు. నేను బ్రేకు తొక్కాను.

"ఎలిగింది!"

ఈసారి నిజమేనని గొంతులోనే తెలిసింది. మర్నాడు లైసెన్సూ చేతికొచ్చింది. కానీ ఆ సాయంత్రం ఆ ఒక్క 'ఎలిగింది' నాకు చాలలేదు.

"ఏటీ? ఇంజను రొదలో ఇనబడ్లేదు."

"ఎలిగిందిరా!"

"ఇంకోపాలి తొక్కుతాను, ఉండండి."

తొక్కాను. ఎలిగిందన్నాడు. వదిలాను. ఆరిందన్నాడు. మళ్ళీ తొక్కాను. ఆ ఊరొచ్చాక నేను చేసిన పనికి వెంటవెంటనే బదులు పలికిన మనిషి ఆయనే. పెట్రోలు పోతే పోయింది, వింటూ కూర్చున్నాను.

"నీకేటైనా సెవుడొచ్చిందేట్రా?" అన్నాడు వెనకనుంచి.

అదీ వినబడనట్టే ఇంజను ఇంకాస్త రైజు చేశాను. ఎలిగిందిరా బాబూ, ఎలిగింది అని ఆయన వీధి వీధంతా వినబడేలా అరిచాడు. అప్పుడు గాని బండి ఆపలేదు.