మా బావ అర్థం చెప్పిన అమెరికా పాటలు

మా బావ పోయాడు. ఇక్కడ సౌదీలో, జుబైల్ ఆసుపత్రిలో, గుండెనొప్పితో. బావ అంటే నా భార్యకు సొంత అన్న. ఊరికి కబురు నేనే చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చి, ఒక్కటే అడిగింది.

"కడసారి ఏమన్నడు మా అన్న?"

"ఏమనలే," అన్నాను. నిజమే. కానీ అక్కడితో ఆగిపోయాను. నాకు మాటలు రావు. బావను పెట్టెలో ఊరికి పంపారు. నాకు సెలవు దొరకలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా కోడలే ఎత్తేది. "అత్తమ్మ పండుకుంది మామా," అనేది.

మాట్లాడటం రాదు కనుక రాస్తున్నాను.

బావ ఇక్కడ ఒక అమెరికా ఇంజినీరు ఇంట్లో వంట చేసేవాడు. ఆ దొర కొలువు ముగిసి ఎగ్జిట్ మీద తన దేశం వెళ్లిపోతూ రికార్డు ప్లేయరు, పెట్టెడు రికార్డులు బావకిచ్చాడు. అన్నీ వాళ్ల పాత ప్రేమపాటలు. మెత్తటి గొంతులు, వెనక వయొలిన్లు, ఎక్కడో దూరంగా ఒక బాకా.

శుక్రవారం తిన్నాక మా క్యాంపు గదిలో పాట. బావ స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, పాత బనీను గుడ్డతో రికార్డు తుడిచేవాడు. రొదలో పాట వినబడదని ఏసీ ఆపించేవాడు. చెమటలు కారుతున్నా ఎవరమూ లేచేవాళ్లం కాదు. సూది గరగరమనేది. తర్వాత ఆ గొంతు. కళ్లు మూసుకుంటే గది నీళ్ల మీద తేలుతున్నట్టుండేది.

పాట సగంలో బావ అర్థం చెప్పేవాడు. ఆయన ఇంగ్లీషు వంటింటి వరకే. అది మాకూ తెలుసు. అయినా అడిగేవాళ్లం.

"పెండ్లాం అలిగింది. వీడు వాకిట్ల నిలవడ్డడు. తలుపు తీస్తలేదు."

జగిత్యాల వెల్డరు ఊరుకుంటాడా! "పోయిన వారం గిదే పాటల లగ్గమైందంటివి గద బావా?"

"లగ్గమైనంకనే గదరా అలిగేది!"

పాకిస్తానీ డ్రైవరు మళ్లీ శుక్రవారం వస్తూనే, తలుపు తెరిచిందా అని అడిగేవాడు. "భాయ్, దర్వాజా ఖులా క్యా?"

ఎవరికి ఏ దిగులుంటే పాటకు ఆ అర్థం వచ్చేది. బిడ్డ పుట్టినవాడికి అదే జోలపాట అయ్యేది. నాకు మాత్రం ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "ఈ పాడెటోనికి మాటలు రావు. అందుకే కండ్లకు కనవడ్డది చెప్తున్నడు. నువ్వు గూడ మా చెల్లెకు గట్లనే చెప్పు." నా సంసారం ఇన్నేళ్లు ఫోన్‌లో నడిచిందంటే ఆ మాట వల్లనే.

నిన్న శుక్రవారం. సూది నేనే పెట్టాను. ఫోన్ కలిపి, "అత్తమ్మ చెవికాడ పెట్టు బిడ్డా," అన్నాను.

కాసేపటికి ఆమె గొంతు. "ఏం పాటయ్యా అది?"

"మీ అన్నది."

"ఏమంటున్నడు?"

బావ నేర్పినట్టే కనబడింది చెప్పాను. "అందరం కింద కూసున్నం. మీ అన్న మంచం మీద ఎవ్వలు కూసోలే. దుప్పటి మడత అట్లనే ఉంది."

ఫోన్ పాటకు ఇంకాస్త దగ్గరగా జరిపాను.

"ఆగు, పాటకు అర్థం నేను చెప్త," అంది. "వాడు చెల్లెను సూడనీకి అస్తున్నడు. తొవ్వల రేగువండ్లు కొన్నడు. తువ్వాలల మూటగట్టిండు. నడుమ వాగొచ్చింది..."

పాట అయిపోయింది. రికార్డు ఊరికే తిరుగుతోంది. ఫోన్‌లో ఆమె అన్న, చెప్పులు చేతిలో పట్టుకుని, మూట తడవకుండా నెత్తిన పెట్టుకుని, ఇంకా వాగు దాటుతూనే ఉన్నాడు.