డ్రిప్పుకు ముందు తీయాల్సిన రక్తం

థర్మాకోల్ పెట్టె మూత లాగేటప్పుడు కీచుమని ఒక శబ్దం వస్తుంది. వింటే పళ్ళు జివ్వుమంటాయి. నిన్న మా ల్యాబులో ఎవరో కొరియర్ పెట్టె తెరుస్తుంటే ఆ శబ్దం విని చేస్తున్న పని ఆపేశాను. మహబూబ్ సార్ గుర్తొచ్చాడు. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబుకు ఆయన పెద్ద. రెండువేల దశకం చివర్లో నేను ఆయన కింద కొత్తగా చేరిన టెక్నీషియన్‌ను. ఆయన పోయి నాలుగేళ్ళయింది. నాకు చదువు చెప్పిన వాళ్ళు చాలామంది ఉన్నారు కానీ, పని నేర్పింది మాత్రం ఆయనే.

ఆయన కన్ను గురించి ఆసుపత్రంతా కథలు చెప్పుకునేవారు. రక్తం గొట్టాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి చూసేవాడు. గొట్టంలో పైన తేలిన నీరు పాలలా కనిపిస్తే, "ఈయప్ప పొద్దున్నే పూరీలు తిన్యాడు. పరగడుపున వచ్చినాననేది ఉత్త మాట. పోయి అడుగు" అనేవాడు. పోయి అడిగితే ఆ మనిషి తల దించుకుని నవ్వేవాడు. అదే నీరు కాస్త ఎర్రగా కనిపిస్తే నా వైపు తిరిగేవాడు. "సూదితో గట్టిగా లాగినావు. నెత్తురు పగిలింది. మళ్ళా తియ్" అనేవాడు. ఆయన దగ్గర ఏదీ దాగదని మేమంతా నమ్మేవాళ్ళం. నేనైతే దేవుడికంటే ఆయనకే ఎక్కువ భయపడేవాణ్ణి.

ఆ రోజుల్లో మా దగ్గరికి వేంపల్లె నుంచి నాగవేణమ్మ అనే ఆవిడ వచ్చేది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. భర్తకు బట్టల అంగడి. పెద్దపేగు నిండా పుండ్లు పడి, రోజుకు పదిహేనుసార్లు నెత్తురు పోయే జబ్బు ఆమెది. దారిలో బస్సు ఆపరని, కర్నూలు ప్రయాణం ఉందంటే ముందురోజు నుంచే అన్నం ముట్టేది కాదు. మాత్రలకు జబ్బు లొంగకపోతే డాక్టరు గారు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు మొదలుపెట్టారు. దాన్ని ఎనిమిది వారాలకోసారి సెలైన్‌లో కలిపి, రెండు గంటలసేపు ఎక్కించాలి. మొదట్లో బాగా పనిచేసింది. మనిషి ఒళ్ళు చేసింది కూడా. తర్వాత, ఎందుకో, మళ్ళీ నెత్తురు మొదలైంది.

డాక్టరు గారి ముందు రెండు దారులు ఉన్నాయి. మందు ఒంట్లో నిలవకుండా త్వరగా కరిగిపోతుంటే, ఇంకాస్త తరచుగా ఎక్కించి చూడొచ్చు. మందు నిండుగా ఉండి కూడా నెత్తురు ఆగకపోతే పెద్దపేగు తీసేసి, పొట్ట మీద సంచి పెట్టాలి. ఏది నిజమో తేల్చడానికి రక్తంలో ఆ మందు ఎంత మిగిలిందో కొలవాలి. అప్పట్లో ఆ పరీక్ష మా దగ్గర లేదు. హైదరాబాదుకు పంపితే అక్కడి నుంచి విదేశానికి పోయేది. అందులో ముఖ్యమైన నియమం ఒక్కటే. మందు ఎక్కించకముందే రక్తం తీయాలి. ఎనిమిది వారాల చివర మిగిలినదాన్ని కొలవాలి కదా, కొత్తగా పోసినదాన్ని కాదు. ఆమెకు డ్రిప్పు పెట్టే ముందురోజు మహబూబ్ సార్ నాకు ఈ మాట రెండుసార్లు చెప్పాడు.

ఆ పొద్దున నేను ఆసుపత్రి ఎదురు హోటల్లో ఉగ్గాని, బజ్జీ తింటూ కూర్చున్నాను. బజ్జీలు వేడిగా దిగుతున్నాయని ఇంకో ప్లేటు చెప్పాను. తిరిగొచ్చేసరికి నాగవేణమ్మ సన్నటి చేతిలో నర్సుకు ఎలాగో నరం దొరికిందట, దొరికినదాన్ని వదలకుండా డ్రిప్పు పెట్టేసింది. అప్పటికే అరగంట మందు లోపలికి పోయింది. అయినా ఏమీ ఎరగనట్టు రెండో చేతి నుంచి రక్తం తీశాను. గొట్టం మీద డ్రిప్పుకు ముందు టైమే రాశాను. వేరే చెయ్యే కదా, ఏమంత తేడా వస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మధ్యాహ్నం బస్సుకు పంపాలని సార్ థర్మాకోల్ పెట్టెలో ఐసు సర్దుతున్నాడు. నా గొట్టాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి పోయాయి.

"సార్, అది డ్రిప్పు పెట్టినాక తీసింది" అన్నాను.

ఆయన గొట్టం దించలేదు. "టైము?"

"అబద్ధం రాసినా సార్."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నేను రాసిన టైము కొట్టేయించి, అసలు టైము నా చేతనే రాయించి, గొట్టాన్ని ఫ్రీజర్లో పెట్టాడు. నన్ను డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళి, ఉగ్గాని దగ్గర్నుంచి అంతా నా నోటితోనే చెప్పించాడు. డాక్టరు గారు తిట్టవలసిన నాలుగూ తిట్టారు. అంతటితో అయిపోయిందనుకున్నాను. బయటికి రాగానే సార్ అడిగాడు. "ఆయమ్మకు ఎవరు చెప్తారు?"

"డాక్టరు గారు చెప్తారేమో సార్."

"డాక్టరు తిన్యాడా ఉగ్గాని?"

నాగవేణమ్మకు ఇంకా డ్రిప్పు పోతూనే ఉంది. మంచం పక్కన నిలబడి చెప్పాను. రక్తం ఆలస్యంగా తీశానని, ఇది పరీక్షకు పనికిరాదని, మళ్ళీ ఎనిమిది వారాలు ఆగాలని.

"ఇంగ ఎనిమిది వారాలా? రోజుకు పదిహేనుసార్లు పోతాండా నేను. నాకు బదులు నువ్వు పడతావాప్పా?"

సార్ ఏదైనా అందుకుంటాడేమోనని ఆయన వైపు చూశాను. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు తప్ప ఒక్క మాట సాయం చేయలేదు. అప్పుడు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆమె ముఖం అటు తిప్పుకుంది. మేం వచ్చేశాం.

ఎనిమిది వారాల తర్వాత ఆమె ఇంకా చిక్కిపోయి వచ్చింది. ఆ రోజు నేను టిఫిన్ మాటే ఎత్తలేదు. నర్సు డ్రిప్పు స్టాండు ముట్టకముందే రక్తం తీశాను. సార్ హైదరాబాదులో తెలిసినవాళ్ళను బతిమాలి ఫ్రీజర్లోని పాత గొట్టాన్ని కూడా దానితోపాటే పంపాడు. "నువ్వు చూడాల" అన్నాడు, అంతే.

దాదాపు నెల తర్వాత ఫలితాల కాగితాలు రెండూ వచ్చాయి. కొత్త గొట్టంలో మందు దాదాపు లేదు. పాత గొట్టంలో నిండుగా ఉంది. డాక్టరు గారు రెంటినీ బల్ల మీద పక్కపక్కనే పెట్టి, "ఈ పాతది ఒక్కటే వచ్చి ఉంటే పేగు తీయించమని రాసేవాణ్ణి" అన్నారు. మందు ఆరు వారాలకోసారి ఇవ్వడం మొదలుపెట్టారు. మూడో డ్రిప్పుకు వచ్చేసరికి నాగవేణమ్మకు నెత్తురు ఆగిపోయింది. నాతో మాత్రం ఆమె ఎప్పుడూ ముక్తసరిగానే మాట్లాడింది. అది ఆమె హక్కే అనుకుంటాను.

ఒక సాయంత్రం సార్‌తో టీ తాగుతూ, ఎన్నాళ్ళగానో మింగలేక కక్కలేక ఉన్న మాట బయటపెట్టాను. "ఆ రోజు నేను మంచోణ్ణని చెప్పలేదు సార్. మీరు గొట్టం వెలుతురుకు పట్టినారు, ఇంక దొరికిపోయినట్టే అని భయపడి చెప్పినా."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనెట్ల కనుక్కుంటానప్పా? మూత సరిగ్గా పెట్టినావా లేదా అని చూస్తాంటి. ఆ మందు కంటికి కనపడేదా ఏమన్నానా? గొట్టం శానా శుభ్రంగా ఉన్నింది. నువ్వు చెప్పకపోయింటే నాకు తెలీదు, డాక్టరుకు తెలీదు, ఆయమ్మకు అసలే తెలీదు. పేగు తీసేసిందురు, సరైన పనే చేసినామని అందరం ఇండ్లకు పోయిందుము."

అంతకాలం నా తప్పుకూ ఆమె పొట్టకూ మధ్య ఆయన కన్ను కాపలా ఉందనుకున్నాను. అక్కడ ఎవరూ లేరు. పిరికితనంతో నేనన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ లేదు.

ఇప్పుడు కడపలో ఒక ల్యాబుకు నేనే పెద్దని. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే ఒక మాట చెబుతాను. మీరు తప్పు చేస్తే నేను కనిపెట్టలేను అని. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, హమ్మయ్య అన్నట్టు నవ్వుతారు. అప్పుడు నాగవేణమ్మ సంగతి మొదలుపెడతాను. అది పూర్తయ్యేసరికి ఎవరూ నవ్వరు.