వదిన చిటికెనవేలు, పాత సర్వర్

మొన్న ఉదయం రైలు టికెట్ చూసుకుందామని ఇంట్లో లాప్‌టాప్ తెరిచాను. తెర నీలంగా మారిపోయింది. అప్‌డేట్లు జరుగుతున్నాయి, కంప్యూటర్ ఆపవద్దు అని రాసి, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలైంది. అంతే, నా అరచేతులు చల్లబడిపోయాయి. జనం పామును చూసి భయపడతారు, పోలీసును చూసి భయపడతారు. నాకు మాత్రం తిరిగే చుక్కలంటే భయం. మా ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి నా మొహం చూసి, "అది మీ ఆసుపత్రి కంప్యూటర్ కాదు కదే, దాని మానాన దాన్ని తిరగనీ" అన్నారు. నా భయాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. బల్లి, ఉరుము, లిఫ్టు, గట్టిగా తలుపు కొట్టేవాళ్ళు, ఇలా చిన్నప్పటి నుంచి పోగేసుకున్నవి చాలా ఉన్నాయి. చుక్కల భయం వాటన్నిటి తర్వాత వచ్చి, అన్నిటికంటే ముందు కూర్చుంది.

పలాసలో ఒక డయాలసిస్ కేంద్రంలో నేను చాలా ఏళ్ళు కౌంటర్ దగ్గర పనిచేశాను. ఉద్దానం ఊళ్ళ నుంచి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి కిడ్నీలు చెడినవాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి, రక్తం శుభ్రం చేయించుకుని వెళ్ళేవాళ్ళు. దాన్ని వాళ్ళు "మిషనెక్కడం" అనేవాళ్ళు, బస్సెక్కడం అన్నంత మామూలుగా. వచ్చినవాళ్ళ వేలు ఒక చిన్న గాజు పెట్టె మీద పెట్టించడం నా పని. ముద్ర కలిస్తే వాళ్ళ కార్డుకి ఆమోదం వచ్చి తెర మీద పచ్చ గీత కనపడేది. అప్పుడే సిస్టర్ లోపలికి పిలిచేది. పచ్చ గీత రాకుండా ఎవరినీ మిషనెక్కించకూడదని పై ఆఫీసు గట్టిగా చెప్పింది. పొద్దున్నించి సాయంత్రం దాకా వేళ్ళు చూసీ చూసీ, మొహం చూడకుండానే ఎవరు పడవ లాగుతారో, ఎవరు కొబ్బరి వలుస్తారో చెప్పగలిగే స్థితికి వచ్చాను. దానికి ఎవరూ జీతం పెంచలేదనుకోండి.

ఈ వేలిముద్రలన్నీ దాచుకుని, ఆ పచ్చ గీత ఇచ్చే సర్వర్ దుప్పట్లు పెట్టే గదిలో ఒక మూల ఉండేది. అది కేంద్రం తెరిచిననాటిది. దుమ్ము పడకుండా ఆయా దానికి పాత చీరతో ముసుగు కుట్టింది. దసరా ఆయుధపూజకి దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు నిమ్మకాయ కోసేవాళ్ళం. అందులో నడిచే సాఫ్ట్‌వేర్ కూడా ఆ కాలందే. బూడిదరంగు కిటికీ, లావు అక్షరాలు, చూడ్డానికి ఏ అందమూ లేదు. కానీ మనిషి రాగానే "ఏ వేలు?" అని అడిగేది. పది వేళ్ళలో ఏది చూపించినా దానికి అభ్యంతరం ఉండేది కాదు.

ఆ ప్రశ్న విలువ మా వదినని చూస్తే తెలుస్తుంది. వదినంటే మా అన్నయ్య భార్య. పూండి అవతల సముద్రం ఒడ్డున మా ఊరు. అన్నయ్య వేటకి వెళ్ళేవాడు. వదిన రోజూ పూండిలో బండెక్కి పలాస జీడి ఫ్యాక్టరీకి వచ్చేది, పిక్కలు కొట్టడానికి. నేను టెక్కలిలో కంప్యూటర్ కోర్సు చదివే రోజుల్లో ఇద్దరం ఒకేసారి ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళం. నా క్యారేజీలో పెద్ద చేప ముక్క, తన క్యారేజీలో పులుసు పెట్టుకునేది. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుంది. బూడిద రాసుకున్నా ఆగదు. పదిహేనేళ్ళు కొట్టేసరికి వదిన వేళ్ళు నున్నగా అయిపోయాయి, గీతలన్నవి లేవు. ఒక్క ఎడమ చిటికెనవేలికి మాత్రం ఏమీ కాలేదు. ఆ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఒక వేలుకి నూనె తగలకుండా పైకెత్తి పెట్టుకుని పనిచేసేవాళ్ళు. కంట్లో నలక పడితే తీసుకోవాలన్నా, ముక్కు దురద పెట్టినా, చంటిపిల్ల మొహం తుడవాలన్నా ఒక శుభ్రమైన వేలు ఉండాలి కదా. కిడ్నీలు చెడి పని మానేశాక కూడా వదిన అన్నం కలిపేటప్పుడు ఎడమ చిటికెనవేలు అలాగే పైకి లేచి ఉండేది. మేము నవ్వేవాళ్ళం. పాత సర్వర్‌లో వదిన పేరు కింద ఉన్నది ఆ వేలు ఒక్కటే.

కొత్త కంప్యూటర్లు వచ్చిన వారంలోనే అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. వాటిని బిగించడానికి కేంద్రం ఒకరోజు మూసేశారు. అది వదిన మిషనెక్కాల్సిన రోజు. సరే, ఒక్క రోజే కదా అనుకున్నాం. ఆ మధ్యలో వదిన చుట్టాలింట్లో శుభకార్యానికి వెళ్ళొచ్చింది. మా ఉద్దానంలో గడప తొక్కినవాళ్ళని బాగున్నారా అని అడిగేలోపే బొండాం కొట్టి చేతిలో పెడతారు. వద్దంటే ఇంటివాళ్ళకి అవమానం. కిడ్నీ రోగికి కొబ్బరినీళ్ళు విషంతో సమానమని డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో. వదిన మొహమాటానికి తాగేసింది. ఒకటే తాగానని అన్నయ్యతో చెప్పిందట. నేనైతే నమ్మలేదు.

కేంద్రం మూసిన మర్నాడు పొద్దున్నే నేను వెళ్ళి కొత్త కంప్యూటర్ వేస్తే దానికి సర్వర్ కనపడలేదు. దారి దొరకలేదు అని ఒక ముక్క చూపించి ఊరుకుంది. రెండోది వేశాను, అదీ అంతే. మూడోదీ అంతే. దుప్పట్ల గదిలోకి పరుగెత్తాను. సర్వర్ దీపాలు వెలుగుతున్నాయి, లోపల ఫ్యాన్ తిరుగుతోంది, బొట్టు కూడా చెరగలేదు. విశాఖ నుంచి వచ్చిన టెక్నీషియన్ పని అయిపోయిందని తెల్లవారుజామునే బండెక్కేశాడు. పాత కంప్యూటర్లని ముందురోజే వ్యాన్లో తీసుకుపోయారు. పై ఆఫీసుకి ఫోన్ చేస్తే, "పాతది వదిలేయండి, అందర్నీ కొత్త ఆన్‌లైన్ దాంట్లో నమోదు చేసుకోండి" అన్నారు. సరేనని మొదలుపెట్టాను. ముందు వచ్చినవాళ్ళ బొటనవేళ్ళు చక్కగా పడ్డాయి, పచ్చ గీతలు వచ్చాయి. నాకు కాస్త ఊపిరి అందింది.

అప్పుడు వదిన వచ్చింది. ఆటోలోంచి అన్నయ్య ఎత్తుకుని దింపాడు. మొహం ఉబ్బిపోయి కళ్ళు కనపడడంలేదు. పడుకుంటే ఊపిరాడక చక్రాల కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. ఒక్కో మాటకీ మధ్యలో ఆగుతోంది. నేను బొటనవేలు పెట్టించాను. ముద్ర స్పష్టంగా లేదంది. తుడిచి పెట్టించాను. మళ్ళీ అదే. రెండో చేతిదీ అంతే. బొటనవేలు పడితే తప్ప తర్వాతి పేజీకి వెళ్ళనని కొత్తది భీష్మించుకుంది. ఏ వేలు అని అడగనే లేదు. చిటికెనవేలు పెట్టి చూస్తే, కార్డులోని బొటనవేలితో కలవలేదని తిప్పికొట్టింది.

మేనేజరుగారు వచ్చారు. పాపం ఆయన చెడ్డవాడు కాదు, నాకంటే పిరికివాడు. అంతకుముందోసారి ఆమోదం లేకుండా ఎవరినో ఎక్కించినందుకు ఆయనకి తాఖీదు వచ్చింది. డాక్టరుగారికి నాలుగైదుసార్లు చేశారు, ఫోన్ కలవలేదు. "అంబులెన్స్ పిలిచి శ్రీకాకుళం పంపించేద్దామండి" అన్నారు చెమట తుడుచుకుంటూ.

సిస్టర్ లోపల్నుంచి వచ్చి, "అంతదూరం ఈవిడ ఆగదు సార్. మిషన్ సిద్ధంగా పెట్టాను, నాకు పచ్చ గీత ఇప్పించండి చాలు" అంది.

అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు. తుఫానులో పడవ తిరగబడినా ఈదుకొచ్చిన మనిషి. "అమ్మీ, నీకు తెలిసిన పనే కదే. ఏదో ఒకటి సెయ్యవే" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. నాకు తెలిసింది వేలు పెట్టించడం ఒక్కటే.

టెక్నీషియన్‌కి ఫోన్ చేశాను. రైలు చప్పుడులో అతని మాట తెగితెగి వినపడింది. నిన్న సాయంత్రం అన్నీ చూశాకే బయల్దేరానని ఒట్టేశాడు. నిజమే అయి ఉంటుంది. రాత్రి కొత్త కంప్యూటర్లు వాటంతట అవే ఏదో దించుకున్నాయట. సర్వర్ పాత పద్ధతిలో తప్ప మాట్లాడలేదు. ఆ పాత పద్ధతిలో దొంగ వైరస్‌లు దూరుతున్నాయని కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో దాన్ని మూసేశారు. రెండూ బాగానే ఉన్నాయి, ఒకదాని మాట ఇంకోదానికి అందదు, అంతే.

"ఒక్క కంప్యూటర్లో ఆ దారి తెరవొచ్చు మేడమ్. కానీ వైరస్ వస్తే మొత్తం పోతుంది. పై ఆఫీసు వద్దంది. నేను చెప్పానని చెప్పకండి" అన్నాడు. అతనికీ భయమే. ఆ పూట ఆ భవనంలోనూ, ఆ రైల్లోనూ భయపడనివాళ్ళు ఎవరూ లేరు.

మేనేజరుగారి వైపు చూశాను. ఆయన అంబులెన్స్‌కి ఫోన్ చేస్తానని బయటికి వెళ్ళిపోయారు. వద్దని మాత్రం అనలేదు. ముందుగా మిగతా కంప్యూటర్లకీ బయటికీ వెళ్ళే తీగలు టెక్నీషియన్ ఫోన్లోనే చెప్పి నాచేత పీకించేశాడు. సర్వరూ, నా కంప్యూటరూ మాత్రం మిగిలాయి. అతను చెప్పినచోటల్లా నొక్కి, ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాను. కంప్యూటర్ తనను ఆపి మళ్ళీ వెయ్యమంది. వేశాను.

నీలం తెర వచ్చింది. అప్‌డేట్లు జరుగుతున్నాయి, ఆపవద్దు. చుక్కలు తిరుగుతున్నాయి. రాత్రి దించుకున్నది ఇంకా మిగిలి ఉందట. అయిపోవడం లేదు, ఆగడం లేదు. పక్కన వదిన ఊపిరిలో బుడబుడమని చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు నాకు తెలుసు, ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరితే వస్తుంది. ఆ చప్పుడుతో వచ్చి తిరిగి వెళ్ళనివాళ్ళని చూశాను. మొక్కుకుందామంటే ఏ దేవుడి పేరూ గుర్తు రాలేదు. ఫోన్లో రైలు ఏదో వంతెన మీద పోతోంది. వదిన తల ఎత్తి, "ఏటే అమ్మీ... నీ మొగం... అలాగయిపోనాదేటి? నాకేటి... అవనేదు" అంది. ఆవిడ చెయ్యి పట్టుకుని తెర కేసి చూస్తూ కూర్చున్నాను. చెయ్యి మంచులా ఉంది.

చుక్కలు ఆగాయి. తెర నల్లబడింది. ఇక అయిపోయింది అనుకున్నాను. తర్వాత మెల్లిగా వెలిగి, ఆ అందం లేని బూడిదరంగు కిటికీ వచ్చింది. ఏ వేలు అని అడిగింది. చిటికెనవేలు గాజు మీద పెట్టాను. కలవలేదంది. వేలు ఉబ్బి, చెమటతో తడిగా ఉంది. పమిటతో తుడిచి, నా రెండు చేతుల మధ్య పెట్టి రుద్ది, మళ్ళీ పెట్టాను. పచ్చ గీత వచ్చింది. నేను చూసి చెప్పేలోపే సిస్టర్ కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

నేను కౌంటర్ కింద నేల మీద కూలబడ్డాను. అంబులెన్స్ వచ్చి, ఎవరూ లేరని తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. మేనేజరుగారు నాకు సోడా తెప్పించి, సగం ఆయనే తాగేశారు. మధ్యాహ్నం వదిన మంచం దగ్గరికి వెళ్ళాను. మొహంలో కళ్ళు మళ్ళీ కనపడుతున్నాయి. నన్ను చూసి నవ్వింది. "ఆ సుక్కలు తిరిగినంతసేపు నువ్వు ఊపిరి తియ్యనేదే అమ్మీ. ఈ గుంట నాకంటే ముందు ఎల్లిపోతాదేటని నాను బెదిరిపోనాను" అంది. ఎన్ని బొండాలు తాగావని అడిగితే కళ్ళు మూసుకుని నిద్ర నటించింది.

తర్వాత వారంలో టెక్నీషియన్ వచ్చి కొత్త సర్వర్ పెట్టి, అందరి వేళ్ళూ జాగ్రత్తగా అందులోకి మార్చాడు. పాత దారి మళ్ళీ మూసేశాడు. వైరస్ రాలేదు. వచ్చుంటే ఏం చేసేవాళ్ళమో తలచుకుంటే ఇప్పటికీ నాకు ముచ్చెమటలు పోస్తాయి. వదిన ఆ తర్వాత మరో మూడు వానాకాలాలు చూసింది. కూతురి పురుడు పోసింది, మనవరాలికి నడక నేర్పింది, ఒక మధ్యాహ్నం నిద్రలో వెళ్ళిపోయింది. ఒకసారి మిషనెక్కితే రెండు రోజుల ఊపిరి. ఆ మూడేళ్ళూ అలా రెండేసి రోజులుగానే వచ్చాయి, అంతకంటే పెద్ద ముక్కగా కాలం మా ఇంటికి ఎప్పుడూ రాలేదు, అయినా అవన్నీ కలిపితే మూడేళ్ళయ్యాయి.