ఆ జంట బొమ్మలు, అప్ప ఉత్తరం

బయస్కోపు బొమ్మలకి నేను మాట చెప్పేవాణ్ణి. ఇప్పటివాళ్లకి ఇది అర్థం కాదు కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. మలయాలో బటాంగ్ బెర్జుంటై దగ్గర మా రబ్బరు తోటకి రెండు మూడు నెలలకొకసారి ఒక తమిళాయన లారీలో తెల్లగుడ్డ, బొమ్మలు తిప్పే యంత్రం వేసుకొని వచ్చేవాడు. పట్నంలో అప్పటికే మాట్లాడే బొమ్మలు వచ్చేశాయి. అక్కడ ఆడి ఆడి అరిగిపోయిన మూగబొమ్మలు మా తోటలకి దక్కేవి. తెర మీద మనుషులు పెదాలు కదుపుతారు, తర్వాత నల్లటి పలక మీద అక్షరాలు వచ్చి వాళ్లు ఏమన్నారో చెబుతాయి. మా తెలుగు లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, ఆ ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పాదిరీల బడిలో ఐదు తరగతులు చదివి, తోట ఆస్పత్రి చూసుకునే డ్రెస్సరుగారి దగ్గర పుళ్లకి కట్లు కట్టేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. తెర పక్కన ఒక చెక్కపెట్టె వేసి నన్ను దాని మీద నిలబెట్టేవారు. అక్షరాలు చదివి తెలుగులో గట్టిగా చెప్పడం నా పని. చదివి చెప్పి ఊరుకుని ఉంటే ఇవాళ ఇది రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

ఎన్ని బొమ్మలు వచ్చినా మావాళ్లకి కావలసింది ఒక్క జంట. బొంబాయివాళ్లట. ఆయనకి సన్న మీసం, వెడల్పాటి భుజాలు. ఆవిడకి ఇంతలేసి కళ్లు, ముక్కుకి తళుక్కుమనే పుడక. విడివిడిగా వేసిన బొమ్మలు కూడా వచ్చేవి గాని వాటికి సగం జనం మధ్యలోనే లేచి వెళ్లిపోయేవారు. ఇద్దరూ కలిసి కనబడ్డారో, పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు. ఆయన చెయ్యి చాపితే ఆవిడ చెయ్యి ఎక్కడుందో చూడకుండానే అందుకునేవాడు. అది నాకు భలే ఇష్టం. ఆయన దొంగ, ఆవిడ దొరబిడ్డ అయిన బొమ్మ ఒకటి ఉండేది. ఆవిడ మగవేషం వేసి కత్తి తిప్పింది ఇంకొకటి. ఇద్దరూ పడవలో కొట్టుకుపోయే బొమ్మ మాత్రం మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ చూశాను. అన్నం మానేసి చూడమన్నా చూసేవాణ్ణి.

మావాళ్లతో ఒక చిక్కు ఉండేది. బొమ్మ మారినా మనుషులు మారలేదు కదా, కాబట్టి కథ కూడా ఒకటే అనుకునేవారు. పోయినసారి ఎక్కడ ఆగిందో ఈసారి అక్కడినుంచి మొదలవ్వాలి. రెండో బొమ్మలో ఆ ఇద్దరూ కొత్తగా పరిచయం అవుతుంటే ముందు వరసలో ఒక మామ్మ లేచి నిలబడింది.

“ఇదేటి బాబూ, పోయిన తడవ ఈలిద్దరికీ పెళ్లయిపోనాది గదా! మల్లీ ఎవులో ఎరగనట్టు సూత్తాదేటి ఆ పిల్ల?”

“గుర్రం మీంచి పడిపోనాది మామ్మా, పాత సంగతులన్నీ మర్సిపోనాది” అన్నాను.

“అయ్యో నా తల్లి!” అని మామ్మ కళ్లు ఒత్తుకుంది.

అదిగో, అక్కడ రుచి మరిగాను. ఆ తర్వాత రాచబిడ్డ బిచ్చగత్తె ఎందుకయిందంటే ఆస్తి అన్నదమ్ములు తినేశారన్నాను. తెర మీద లేనివన్నీ నేనే అల్లి చెప్పేవాణ్ణి. బొమ్మ కంటే నా మాటే బాగుందనేవారు జనం. పొద్దున్న ఆస్పత్రికి వెళ్తుంటే ఆడవాళ్లు దారిలో ఆపి, ఈసారి ఆ ఇద్దరూ ఏమవుతారని నన్నడిగేవారు, నేనేదో బ్రహ్మదేవుణ్ణయినట్టు. ఒళ్లు పొంగిపోయేది. బొంబాయి జంటతోపాటు మూడోవాణ్ణి నేనేనన్నంత పొగరు పట్టింది నాకు.

ఇంకో పని కూడా నాదే. ఆదివారం ప్రార్థన అయ్యాక మా వసారాలో కూర్చుని అందరి ఉత్తరాలూ చదివి పెట్టేవాణ్ణి. చదవడం అయ్యాక ఉత్తరం తాలూకు మనిషి చెంబుతో నీళ్లిచ్చేది. నేను నోరు పుక్కిలించి దూరంగా ఉమ్మేవాణ్ణి. ఒకళ్ల ఉత్తరంలోని మాట చదివినవాడి నాలుక మీద మిగలకూడదని మా లైన్ల పద్ధతి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని ఎవరూ తప్పేవారు కాదు.

మా లైన్లో మూడో గదిలో ఒకావిడ ఉండేది. ముప్పై ఏళ్లుంటాయి, పిల్లల్లేరు. రక్తసంబంధం లేకపోయినా నేను అప్ప అని పిలిచేవాణ్ణి, అక్కని మావాళ్లు అలాగే అంటారు. ఆవిడ మొగుడు ఎనిమిది నెలల కిందట సుంగై పెటాని వైపు పని చూసుకుంటానని వెళ్లాడు. ఉన్నన్నాళ్లూ పెళ్లాన్ని ఏనాడూ పేరుతో పిలిచి ఎరగడు. కొళాయి దగ్గరనుంచి “ఓలె ముక్కుపుడకా” అని కేకేసేవాడు, లైనంతా నవ్వేది. ఒక ఆదివారం అప్ప అతని దగ్గరనుంచి వచ్చిన ఉత్తరం తెచ్చింది. ఎవరిచేతనో రాయించాడు. ఇక తన కోసం చూడవద్దని, అక్కడ తనకి వేరే పొయ్యి వెలిగిందని అందులో ఉంది.

అప్ప నీళ్ల చెంబు నాకందించి, నేను పుక్కిలించేదాకా ఆగింది.

“తమ్ముడా, ఇది నీకూ నాకూ మద్దెనే ఉండాల. ఆ కంగాణోడికి తెలిస్తే నానిక్కడ బతకనేను” అంది.

ఎందుకో తోటలో అందరికీ తెలిసిందే. పని పంచే కంగాణి మగతోడు లేని ఆడదాన్ని తోట చివర చిత్తడి పక్క చెట్లకి పంపేవాడు. తర్వాత తనిఖీ అంటూ తానూ అటే వెళ్లేవాడు. ఇవాళో రేపో మొగుడు వచ్చి తీసుకుపోతాడన్న ఒక్క మాటే అప్పకి తలుపు గడియ. అందుకే ఉత్తరం వచ్చాక కూడా కొళాయి దగ్గర నవ్వుతూ, ఆయన ఇల్లు చూస్తున్నాడట అని చెప్పుకునేది.

నెల తిరక్కుండా ఆ జంట బొమ్మ ఇంకొకటి వచ్చింది. ఇందులో ఆయన ఓడెక్కి దూరదేశం వెళ్తాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూస్తుంది. ఒక నౌకరు ఉత్తరం తెచ్చి ఇస్తాడు. తెర నిండా ఆ ఉత్తరమే కనబడింది. అచ్చు అక్షరాలయితే చదివేవాణ్ణి. ఇది చేతిరాత, వానకి వాలిన వరిలాగా ఒక్క వైపుకి వాలిపోయి ఉంది. ఒక్క ముక్క అంతుపట్టేలోపల మాయమయింది. తర్వాత ఆవిడ ఆ కాగితం గుండెకి హత్తుకుని ఏడుస్తోంది. జనం తెర వైపు చూడటం మాని నా వైపు చూస్తున్నారు.

“సెప్పు లా! ఏటి రాసినాడు?” అని వెనకనుంచి ఎవరో మలాయి తోక తగిలించి అరిచారు.

చదవలేకపోయానని అంటే ఏం పోయేది? ఎవరూ కొట్టేవారు కాదు. కాని నాకు నామోషీ. ఆ రెండు నిమిషాల నామోషీకి వెరిచి ఇన్నేళ్ల సిగ్గు నెత్తికెత్తుకున్నాను. తెర మీద ఆవిడ ముక్కుపుడక మెరిసింది. నా నోరు తెరుచుకుంది.

“ఓలె ముక్కుపుడకా! నా కోసం సూడకు. ఇక్కడ నాకు వేరే పొయ్యి ఎలిగింది. నీ సేతి కూడు బాగుండీది, అబద్దం సెప్పను. నీ తప్పేటీ నేదు. నాకు ఉత్తరం రాయించకు.”

మాట మాటకీ ఆగాను. గొంతు వణికించాను. చివరికి వచ్చేసరికి నాకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు తీశారు. అది చూసి, సిగ్గు విడిచి రాస్తున్నాను, నాకు ఆనందమే వేసింది. తర్వాత ఒక్కొక్క తలా తిరగడం మొదలుపెట్టింది. మొదట ఇద్దరు, తర్వాత పదిమంది, ఆ మీదట చాప మీద ఉన్నవాళ్లంతా. వాళ్లు చూస్తున్నది తెరని కాదు, నన్ను కాదు. అప్పని.

అప్ప లేవలేదు. లేస్తే ఒప్పుకున్నట్టే. చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు తెరకి అప్పగించి కూర్చుంది. బొమ్మ అయ్యేదాకా అలాగే కూర్చుంది. ఆఖరున ఆయన ఓడ దిగి పరుగున వచ్చాడు, ఆవిడ ఎదురెళ్లింది, ఆయన చూడకుండానే చెయ్యి అందుకున్నాడు. ఆ ఉత్తరంలో నిజంగా ఏముందో నాకిప్పటికీ తెలియదు. వస్తున్నానని రాసి ఉంటాడు.

“వేరే పొయ్యి అన్నాడు, మల్లెలాగొచ్చినాడు?” అని మామ్మ అడిగింది. నేను పెట్టె దిగాను.

“ఈడొచ్చినాడు గాని సుంగై పెటాని ఓడు రానేదు” అని చీకట్లో ఎవడో అన్నాడు. నవ్వులు లేచాయి.

తెల్లవారి పెరట్టులో, అంటే పనివాళ్లని వరస కట్టించి చెట్లు పంచేచోట, నేను కొయినా సీసా పట్టుకుని నిలబడ్డాను. జ్వరాలు రాకుండా అందరి నోళ్లలోనూ ఆ చేదు మందు పోయడం మా ఆస్పత్రి పని. అప్ప వంతు వచ్చింది. కంగాణి మీసం సవరించుకుని, “ముక్కుపుడకా, ఈ పొద్దు నీది సిత్తడి పక్క” అన్నాడు. కొంతమంది నేల చూపులు చూశారు, నేను సీసా చూసుకున్నాను. డ్రెస్సరుగారితో చెప్పవచ్చు. ఒక్క మాట అడ్డం వేసి ఈవిడకి జ్వరం, ఇవాళ పనికి వద్దు అనవచ్చు, ఆ అధికారం ఆస్పత్రికి ఉంది. అనలేదు. అప్ప నోరు తెరిచింది, మందు పోశాను, మింగి కత్తీ బక్కెట్టూ పట్టుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రబ్బరు పాలు అప్పజెప్పే కొట్టు దగ్గర ఆవిడ బక్కెట్టు సగమే నిండి ఉంది. మోచేతి దాకా గీరుకుపోయి నెత్తురు కట్టింది. కంగాణి చెంప మీద కూడా ఒక గీత ఉంది. అప్ప కట్టు కట్టించుకోడానికి ఆస్పత్రికి రాలేదు, పాత గుడ్డ తనే చుట్టుకుంది. నేనున్నానని రాలేదు.

ఆ మీదట బొమ్మలకి మాట చెప్పడం మానేశానని రాస్తే బాగుండేది. మానలేదు. ఇంకో రెండుసార్లు ఆ పెట్టె ఎక్కాను, జనం పిలిచారు, వెళ్లాను. నా సిగ్గు కూడా అంత పాటిదే.

ఆ బొమ్మ ఆడిన నాలుగో రోజున అప్ప తోట విడిచింది. హుటాన్ మెలింటాంగ్‌లో చేపలు ఎండబెట్టే చోట దూరపు బంధువు ఎవరో ఉన్నారని, అక్కడికి వెళ్తానంది. మొగుడున్నప్పటినుంచి చెట్లు గీసిన మనిషి, వచ్చినప్పుడు తెచ్చుకున్న రేకుపెట్టె ఒక్కటే తీసుకుంది. ఎవరూ సాయం పట్టకపోతే నేను వెళ్లి పెట్టె ఎత్తుకున్నాను. వద్దనలేదు. రోడ్డు దాకా ఆవిడ ముందు, నేను వెనక నడిచాం. లారీ కనబడ్డాక ఇక తప్పక నోరు విప్పాను.

“అప్పా, నాను కావాలని సేసినాను కాదు. నోటికొచ్చీసినాది.”

“తెలుసు” అంది. కోపం లేదు, అలసట ఉంది. మళ్లీ అంది. “ఒక్కటే నొచ్చినాది నా మనసుకి. ఆ ఉత్తరం ఆదోరం నాకు సదివినప్పుడు గబగబా సదివీసినావు తమ్ముడా. కూడుకి ఏలయిందని లోపలకి సూసుకుంటా సదివినావు. ఆ బొమ్మలో దానికి మట్టుకు ఏడుస్తా సదివినావు. అంత బాగా సదవొచ్చని నాకు తెలీదు.”

పెట్టె లారీలో పెట్టాను. ఆవిడ ఎక్కి కూర్చుంది. ఆవిడ అన్నది నిజం. ఆ ఆదివారం మా వసారాలో ఎదురుగా ఉన్నది ఆవిడొక్కర్తే. ఒక్క మనిషి కోసం గొంతు ఎందుకు అరగదీసుకోవాలి అనుకున్నాను కాబోలు.