బల్లకట్టు రేవులో మా ఏకగ్రీవ ప్రెసిడెంటు గారు

శ్రీ వీరరాఘవయ్య గారు పరమపదించి పదహారు రోజులైంది. మూడు పర్యాయాలు మా పంచాయతీకి ఏకగ్రీవంగా ప్రెసిడెంటయిన ఆ మహనీయుని నిర్యాణవార్త విని దివిసీమ యావత్తూ దిగ్భ్రాంతి చెందిందని రాయడం ఆచారం. నాకు మాత్రం ఆ వార్త ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అప్పుడు ఆయన శిరస్సు నా ఒళ్ళోనే ఉంది.

చుట్టరికం లేకపోయినా ఆయన్ని మావయ్య గారనే పిలిచేవాణ్ణి. ఆయన నిష్కళంకులు, మితభాషి, ఐకమత్యోపాసకులు. నామినేషన్లు పడిన సాయంత్రం పోటీదారులందరినీ తన అరుగు మీదికి పిలిపించి, స్వహస్తాలతో తాంబూలం ఇచ్చేవారు. పుచ్చుకున్నవాడు మర్నాడు నామినేషన్ ఉపసంహరించుకోవాలి. అది మా ఊరి కట్టడి. కిందటిసారి, కాలువ మీద వంతెన సాధించాలన్న ఏకైక వాంఛతో నేనూ నామినేషన్ వేశాను.

"ఒరే అబ్బాయ్, పోటీ అంటే గట్టులో ఎలకబొక్కరా. చిన్నదే కదా అనుకుంటాం. తెల్లారేసరికి మడంతా ఎండిపోద్ది" అన్నారు.

ఎదురు చెప్పలేక తాంబూలం పుచ్చుకున్నాను. నోరు పండింది గాని వంతెన రాలేదు.

అవతలి ఒడ్డు ఊరి సంగతి వేరు. అక్కడ బావా బావమరుదులు ప్రతి ఎన్నికకూ తలలు పగలగొట్టుకుంటారు. ఏ పక్షానికీ పట్టుమని పది ఓట్ల ఆధిక్యం ఉండదు కనుక నాయకులందరికీ ఆ ఊరంటే పంచప్రాణాలు. ఒక పక్షం ఆసుపత్రికి భవనం తెస్తే, రెండో పక్షం డాక్టర్ని తెచ్చింది. ఒకరు కంకర రోడ్డు వేయిస్తే, ఇంకొకరు ఊరి వెనక మురుగుకాలువ మీద వంతెన కట్టించారు. దుబారా లేదా అంటే బోలెడు. రెండు వీధుల్లో రెండు గ్రంథాలయాలు లేచాయి. ఒకదానికి తలుపుల్లేవు, రెండోదానిలో పుస్తకాల్లేవు. అయినా వాళ్ళ ధాన్యం లారీలో పొడిగా గుడివాడ చేరుతుంది. మా బస్తాలు బల్లకట్టు మీద తడిసి చేరితే వ్యాపారి వాసన చూసి ధర కోసేస్తాడు. ఇప్పుడు వాళ్ళు సొంతంగా మిల్లే పెట్టుకుంటున్నారు.

ఒకసారి వంతెన కోసం ఆయనా నేనూ మచిలీపట్నంలో శాసనసభ్యుణ్ణి దర్శించాం. శాసనసభ్యుడు స్వయంగా మాకు కుర్చీలు వేశాడు.

"మీ ఊరి ఓట్లు మా ఇంట్లో పెట్టెలో ఉన్నట్టేనండి. వాటికోసం మళ్ళీ ఖర్చెందుకండీ? వచ్చిన గ్రాంటంతా ఆ కొట్టుకునేవాళ్ళకే చాలట్లేదు."

తిరుగు బస్సులో మావయ్య గారి ముఖం దేదీప్యమానంగా వెలిగింది. "చూశావంట్రా, మనమంటే ఎంత నమ్మకమో!" అన్నారు. ఆ క్షణాన ఆయన్ని బస్సులోంచి తోసేద్దామనిపించింది.

మావయ్య గారు పోయిన రోజు మధ్యాహ్నం ఆయనకు గుండెనొప్పి వచ్చింది. మంచంతో సహా రేవుకు మోసుకొచ్చాం. బల్లకట్టు అవతలి ఒడ్డున కట్టేసి ఉంది. నడిపేవాడు ఆ ఊళ్ళో ఏదో సభ జరుగుతుంటే చూడ్డానికి పోయాడు. కేకలేసి మా గొంతులు పోయాయి. చివరికి ఒకడు కాలువలో దూకి ఈదసాగాడు. ఆసుపత్రి కప్పు మాకు కనిపిస్తూనే ఉంది. మైకు హోరుకు మావయ్య గారు కళ్ళు తెరిచారు.

"కొట్టుకుంటున్నారా?"

"లేదండీ. శంకుస్థాపనండి. ఇంకో వంతెనకి."

"మళ్ళీనా?" అన్నారు. అదే ఆయన చివరి మాట. బల్లకట్టు వచ్చింది గాని మేము ఎక్కించలేదు.

పెద్దకర్మ అయ్యాక పెద్దలు అదే అరుగు మీద చేరి, ఖాళీ అయిన స్థానాన్ని ఏకగ్రీవంగా నింపడమే ఆయనకు నిజమైన నివాళి అని తీర్మానించారు. నేను మళ్ళీ నామినేషన్ వేస్తానేమోనని ఆయన కుమారుడు కన్నీళ్ళతో నా ముందు తాంబూలం పట్టాడు. నేను పుచ్చుకోలేదు. "చచ్చినవాడి పరువు తీస్తావుట్రా?" అన్నారెవరో. లేచి వచ్చేశాను.

ఈ ఉదయం ఓవర్సీరు బల్లకట్టు దిగాడు. "ఇక్కడ ఈసారి పోటీ ఉందంటగా అండీ? కాలువ వెడల్పు కొలుచుకు రమ్మన్నారు" అంటూ టేపు చివర నా చేతికిచ్చాడు. మంచం దించిన చోటే నిలబడి పట్టుకున్నాను. నన్ను "ఒరే అబ్బాయ్" అని పిలిచే మనిషి ఇక లేడని అప్పుడు ఏడుపొచ్చింది. ఆ లోటు ఎవరూ పూడ్చలేరు. ఆయనే బతికుంటే నేను మళ్ళీ తాంబూలం పుచ్చుకునేవాణ్ణి, ఓవర్సీరు వచ్చేవాడు కాదు.