కాయ దిగేదాకా ఆగిన కాలేజీ

మా కాలేజీకి పదేళ్లు నిండాయని మొన్న ఒక పుస్తకం అచ్చేశారు. ఇటుకలిచ్చినవాళ్ల పేర్లున్నాయి, బీరువా ఇచ్చిన షావుకారు పేరుంది, ఆఖరికి గోడ గడియారం ఇచ్చినాయన ఫొటో కూడా వేశారు. వెంకాయమ్మ పేరు మాత్రం లేదు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. ఈ కాలేజీలో గుమాస్తాని నేను. వాళ్లు రాయకపోతే నేనే రాస్తాను.

యాభై తొమ్మిదిలో నూజివీడు బయట రెండు తాటాకు పాకల్లో మొదలైంది కాలేజీ. అరవైమంది చేరితేగాని అనుమతి నిలవదన్నారు. చేరింది ముప్పై ఎనిమిదిమంది. క్రైస్తవుల కాలేజీలో అడుగు పెడితే మతంలో కలిపేసుకుంటారని ఊళ్లలో ఒకటే భయం. ప్రిన్సిపాలు రాయప్పగారు తల పట్టుకుని కూర్చున్నారు. అది విని వచ్చింది వెంకాయమ్మ. ముసునూరు తోటల్లో మామిడికాయ కోసే ముఠాకి మేస్త్రి. మొగుడు లేడు, అక్షరం ముక్క రాదు.

"కోతలప్పుడు మా పిల్లలు రాలేరండీ. కాయ దిగేదాకా ఆగుతానంటే నేను తెస్తాను," అంది.

రాయప్పగారు సరేనన్నారు. ఆవిడ తోట తోటకీ వెళ్లి తండ్రుల్ని దులిపేసింది.

"కాలేజీ గడప తొక్కితే పారిపోయే దేవుడైతే ఎందుకయ్యా నీకు? పిల్లాణ్ణి పంపుతావా, చెట్టుకి కట్టేసుకుంటావా?"

ఇరవై ఇద్దర్ని తెచ్చింది. అందులో నేనొకణ్ణి. రాయప్పగారు ఉన్నన్నాళ్లూ కోతలు అయ్యేదాకా దరఖాస్తులు తీసుకున్నారు.

కాలేజీ పెరిగింది. మేడ లేచింది, లాబొరేటరీ వచ్చింది, హాస్టలు వచ్చింది. రాయప్పగారు రిటైరయ్యారు. కొత్త ప్రిన్సిపాలు జూన్ ఇరవై ఆఖరు తారీఖని బోర్డు పెట్టించారు. తోటల్లో ఉన్నవాళ్లకి ఆ సంగతి ఎవడు చెప్పాడు? నేనూ చెప్పలేదు.

అరవై ఆరులో వెంకాయమ్మ కూతురు అన్నపూర్ణ ఎస్సెల్సీ ప్యాసైంది. తల్లీకూతుళ్లు మైలవరంలో కోతలు ముగించుకుని ఇరవై నాలుగున వచ్చారు.

"ఏరా ప్రభాకరం, దీని పేరు రాసుకో."

"తారీఖు దాటిపోయింది పిన్నీ."

"కాయ నిన్ననే కదరా దిగింది!"

ప్రిన్సిపాలు గదిలోకి వెళ్లింది. "రూలు రూలేనమ్మా, వచ్చే ఏడు చూద్దాం," అని పంపేశారాయన. తారీఖు నాలుగు రోజులు వెనక్కి వేసి దరఖాస్తు తీసుకునే కలం నా చేతిలోనే ఉంది. ఉద్యోగం పోతుందని వేయలేదు. నన్ను చెప్పుతో కొట్టాలి!

మరుసటేడు కామర్సు పెట్టారు. ఆఖరు తారీఖు దగ్గరపడ్డా ఇంకా పదిహేను సీట్లు మిగిలాయి. "ఆ తోటలావిణ్ణి అడగవయ్యా," అన్నారు ప్రిన్సిపాలు. సిగ్గు విడిచి వెళ్లాను. వెంకాయమ్మ గంప మోస్తూ జారిపడి, కాలు విరిగి మంచంలో ఉంది.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావురా?" అని మంచంలోంచే విరుచుకుపడింది. నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి తిట్టి, "పంపుతాలే. మీ కోసం కాదు. ఆ పిల్లలేం పాపం చేశారు?" అంది.

అన్నపూర్ణ అక్కడే ఉంది. "నువ్వూ ఒక దరఖాస్తు రాసివ్వమ్మా," అన్నాను.

"ముఠా ఇప్పుడు నేనే చూసుకుంటున్నా అన్నయ్యా. నేనొస్తే పొయ్యి వెలగదు."

పద్దెనిమిదో తారీఖుకల్లా పదిహేను దరఖాస్తులూ వచ్చాయి. పిల్లలింకా కోతల్లోనే ఉన్నారు, ఆ తండ్రులెవరికీ రాయడం రాదు. పదిహేనూ అన్నపూర్ణ చేతిరాతే, ఒక్క కొట్టివేత లేదు. అన్నిటి మీదా అందినట్టు నేనే సంతకం చేశాను.